నేలనడిగి నీళ్లు పెట్టిన అంకుల్

మా చర్చి వెనక తోట చూసుకునే అంకుల్ చనిపోయారని ఆదివారం ఆరాధన మొదలవకముందే పాస్టర్ గారు చెప్పారు. నిద్రలోనే వెళ్లిపోయారట. వినగానే నాకు గుర్తొచ్చింది ఒక్కటే: నెల క్రితం ఆయన మీద అరిచి వచ్చాను, మళ్లీ ఆ తోట వైపు వెళ్లలేదు.

ఈ వేసవి మేముండే కాపెల్ ఊళ్లో నీళ్ల మీద ఆంక్షలు పెట్టారు. వాడకం తగ్గకపోతే తోట తీసేస్తామని చర్చి కమిటీ చెప్పేసింది. నీటి పొదుపు మీద దొరికిన ప్రతి కరపత్రం చదివినవాణ్ణి, హోస్ పట్టుకున్న ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. పట్టుబట్టి డ్రిప్ పైపులు వేశాను. రోజూ పొద్దున అరగంట నీళ్లు వచ్చేలా టైమర్ పెట్టాను.

ఆయన కాదనలేదు. ఒకప్పుడు కృష్ణా కాలవ మీద లస్కరుగా తూములు తీసి మూసిన మనిషి. "పైపులు వేద్దువులే బాబూ, ముందు నేలనడుగు," అంటూ జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి మట్టిలో గుచ్చేవారు. పిడి దాకా దిగితే లోపల తడి ఉన్నట్టు. ఆ రోజు ఆ మొక్కకి నీళ్లు పెట్టేవారు కాదు. స్క్రూడ్రైవర్ని ప్యాంటుకి తుడుచుకుని తర్వాతి మొక్క దగ్గరికి వెళ్లేవారు.

కొన్నాళ్లకి బెండ ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదనుకుని టైమర్ పెంచాను. ఆయన గుచ్చి చూపించారు.

"నల్లమట్టయ్యా ఇది, పట్టిన తడి వదలదు. వీటికి దాహం కాదు, ఊపిరాడట్లేదు."

"మీ కాలవ లెక్కలు ఇక్కడ పనికిరావు అంకుల్," అన్నాను అందరి ముందూ.

"కాలవైనా, పైపయినా మొదటి పొలంవాడు చాలనుకుంటేనే చివరి పొలానికి అందేది," అన్నారు నవ్వుతూ. నేను గేటు దభాలున వేసి వచ్చేశాను.

భూస్థాపన అయ్యాక ఆయన భార్య, ఆంటీ దగ్గరికి వెళ్లి, "అంకుల్‌కి నా మీద కోపం పోలేదా ఆంటీ?" అని అడిగాను.

"కోపమెక్కడిది? 'పిల్లోడు పైపులు బాగా వేశాడే, ఆపడమే రాలేదు' అని నవ్వుకునేవారు. వాడకం తగ్గిందని, తోట ఉంచుతామని మొన్ననే కమిటీవాళ్లు చెప్పారు కూడా. వెళ్లి చూసుకో."

అటునుంచి అటే తోటకి వెళ్లాను.

నా పైపుల్లో ఒక్కటీ ఆయన తీసెయ్యలేదు. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిచి, టైమర్ ఆపేశారంతే. అక్కర్లేనప్పుడు పారిస్తే చుక్క కూడా వృథాయేనని ఏ కరపత్రమూ నాకు చెప్పలేదు. చెప్పిందేమో, నేనే ఆ పేజీ దాటేశాను. బెండ కొత్త ఆకు వేసింది.

స్క్రూడ్రైవర్ టైమర్ పెట్టె మీదే ఉంది. గోంగూర పక్కన గుచ్చాను. పిడి దాకా దిగింది. ప్యాంటుకి తుడుచుకుని, నీళ్లు వదలకుండా తర్వాతి మొక్క దగ్గరికి వెళ్లాను.