కూతకు ఎవరూ పోని మూల

అక్క ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీయిస్తున్నాను. అక్క అంటే తోడబుట్టింది కాదు. యూనివర్సిటీ కబడ్డీ జట్టులో నాకంటే రెండేళ్లు పెద్ద, మా కెప్టెన్. పెళ్లయ్యాక నేను పాల్వంచలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా కుదురుకున్నాను. తను హైదరాబాద్‌లో కోచ్ అయింది. ఆడవాళ్లకు కూడా ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక ఒక జట్టు వాళ్లు తనను పిలిచి కోచ్‌గా పెట్టుకున్నారు.

"ప్లేయర్ల వేలం దగ్గరికొచ్చింది. నాకొక లెఫ్ట్ కార్నర్ కావాలె," అంది, బాగున్నావా అని కూడా అడగకుండా.

"రైడర్లు వద్దా అక్కా?"

"రైడర్లు గల్లీకి నలుగురున్నరు. కార్నరే దొరుకుతలేదు. మీ దిక్కు కాలేజీలు తిరిగి సూడు. మంచి పిల్ల కనవడితే ట్రయల్స్‌కు తోలుకరా."

కబడ్డీలో కూతకొచ్చినవాళ్లను ఆపడానికి ఏడుగురు అర్ధచంద్రంలా నిలబడతారు. ఆ వరుసకు రెండు కొసల్లో ఉండేవాళ్లే కార్నర్లు. వచ్చిన మనిషి లోపలికి దిగి, తిరిగి వెళ్లబోయే క్షణంలో చీలమండ దొరకబుచ్చుకోవడం వాళ్ల పని. ముందు దూకితే వాళ్లే ఔటవుతారు, ఆలస్యమైతే మనిషి దాటిపోతుంది. చప్పట్లు మాత్రం రైడర్లకు. ఆ చప్పట్ల రుచి నాకు బాగా తెలుసు, నేను రైడర్‌నే కదా. కార్నర్ల మీద నాకు మిగిలింది కోపం ఒక్కటే. చలి ముదిరితే నా ఎడమ మోకాలు ఇప్పటికీ వాళ్లను తలుచుకుంటుంది.

మా ఆయన థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఆయనకు తెలిసిన కబడ్డీ అంతా బడిలో చొక్కా చింపుకుని ఇంట్లో తన్నులు తిన్నంతవరకే. కానీ కారు నడపడం ఇష్టం. ఆఫ్ ఉన్నప్పుడల్లా నాతో బయల్దేరేవారు. ఆదివారం మ్యాచ్ ఉంటే పొద్దున చర్చికి వెళ్లి, అవే బట్టలతో గ్రౌండ్‌కు పోయేవాళ్లం. తిరుమలాయపాలెంలో అలాగే పట్టుచీరలో వెళ్లి గీత పక్కన కుర్చీ వేసుకుని నోట్‌బుక్ తెరిచాను. బహుమతులివ్వడానికి వచ్చిన ముఖ్య అతిథిననుకుని నాకు శాలువా కప్పేశారు. అసలు అతిథి వచ్చేసరికి ఆ శాలువా మడిచి తిరిగి ఇచ్చాను. అక్కడి కార్నర్ పిల్ల గట్టిదే గానీ, రైడర్లతో కంటే అంపైర్‌తో ఎక్కువ పోట్లాడింది.

దమ్మపేట దగ్గర పామాయిల్ తోటల పక్కన ఒక గ్రౌండ్‌లో మాత్రం నాకు కావాల్సిన పిల్ల దొరికిందనుకున్నాను. పొడుగ్గా, సన్నగా ఉంది. రైడర్ కాలు కదిపితే చాలు, గాల్లోకి లేచి వచ్చి పడేది. ఒక్కో పట్టుకు జనం కుర్చీల మీదికెక్కారు. పట్టిన తర్వాత తనే నవ్వుతూ చెయ్యిచ్చి రైడర్‌ను లేపేది. తన వీడియోలు అప్పటికే ఫోన్‌లలో తిరుగుతున్నాయి.

"దొరికిందక్కా," అని చెప్పాను.

"ఒక్కదాన్ని సూసి ఆగకు. భద్రాచలంల కాలేజీల పోటీలున్నయి గదా, అవి గూడ సూడు."

అలా భద్రాచలం వెళ్లాం. సెమీఫైనల్‌లో దమ్మపేట పిల్ల జట్టుకు ఎదురుగా మన్యం కాలేజీ జట్టొకటి దిగింది. అందులో ఎక్కువమంది హాస్టల్లో ఉండి చదువుకునే కోయ అమ్మాయిలు. నేను మాత్రం దమ్మపేట పిల్ల మీదే కళ్లు పెట్టి రాసుకుంటున్నాను. మా ఆయన ఉడకబెట్టిన పల్లికాయలు ఒలుచుకుంటూ పక్కన కూర్చున్నారు.

"గా కొసకున్న పిల్ల ఆడుతలేదా?" అన్నారు ఉన్నట్టుండి.

"ఏ పిల్ల?"

"అవతలి జట్టుల, ఎర్ర బనీనుది. అప్పటిసంది సూస్తున్న, ఆమె దిక్కు ఎవ్వరూ పోతలేరు. ఊకెనే నిలబెట్టిండ్రా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. ఈయనకు ఆట అర్థం కాలేదనుకున్నాను. అయినా చూశాను. మన్యం జట్టు లెఫ్ట్ కార్నర్. పొట్టిగా, నిబ్బరంగా, మోకాళ్లు కొంచెం వంచి నిలబడి ఉంది. దమ్మపేట జట్టులో పేరున్న రైడర్ కూతకొచ్చింది. ఆమె ఎప్పుడూ అటువైపే మొదలుపెడుతుందని నేను వాళ్ల ఊళ్లోనే చూశాను. ఆ రోజు కూడా అటే రెండడుగులు వేసింది. ఎర్ర బనీను పిల్ల కదల్లేదు, పాదం మాత్రం జానెడు ముందుకు జరిపింది. అంతే. రైడర్ చటుక్కున అవతలివైపుకు మళ్లింది. అక్కడ ముగ్గురు కాచుకుని ఉన్నారు, పట్టేశారు. తర్వాత వచ్చినామె కూడా అంతే. ఆ తర్వాతామె అటు తలే తిప్పలేదు.

ఏళ్ల తరబడి కూతకు వెళ్లినదాన్ని, నాకు కనపడనిది పల్లికాయలు తినే మనిషికి కనపడింది. నోట్‌బుక్‌లో ఆ పిల్ల నంబరుకు ఎదురుగా అంతకుముందే 'మామూలు' అని రాసుకున్నాను. దాన్ని కొట్టేశాను.

మ్యాచ్ మన్యం జట్టే గెలిచింది. మంచి డిఫెండర్ బహుమతి దమ్మపేట పిల్లకిచ్చారు.

"నేనేమన్న తప్పన్ననా?" అని అడిగారు మా ఆయన, నా మొహం చూసి.

"లేదు గానీ, ఆ పల్లికాయలు ఇటియ్యండి."

అక్కకు ఫోన్ చేశాను.

"ఎన్ని పట్లు పట్టింది?"

"ఒక్కటి గూడ లేదు."

"నీకు మోకాలొక్కటే పోయిందనుకున్న. కండ్లు గూడ పోయినయానే?"

"ఆమె దగ్గరికి పోయేటందుకే భయపడుతున్నరక్కా."

"వీడియో పంపు మరి."

"వీడియోల ఏముంటది? ఆ పిల్ల నిలబడి ఉంటది."

నవ్విందే గానీ నమ్మలేదు. నాకైనా పూర్తి నమ్మకమేం లేదు. ఎవరూ రాని మూలలో ఉన్న మనిషికి పట్టు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు ఆ మూలకు వెళ్లాలి. పోటీలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే మన్యం కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లి, వాళ్ల సార్‌ను అడిగి, ట్రాక్ ప్యాంటు కాళ్లు పైకి మడిచాను.

"నేనొస్త కూతకు," అన్నాను.

అమ్మాయిలంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ పిల్ల అయితే బిక్కచచ్చిపోయింది.

"మేడం, వద్దు మేడం. దెబ్బ తాకుతది."

"పట్టకపోతే ట్రయల్స్ లేవు నీకు."

మొదటి కూతకు నేను నిక్షేపంగా వెళ్లి వచ్చాను. పిల్ల జాలిపడి వదిలేసిందని గడ్డిపోచకు కూడా తెలుస్తుంది. "నేను మీ అమ్మను కాదు, రైడర్‌ను," అని కేకలేశాను. ఆమె బనీనుకు చేతులు తుడుచుకుని, సరే అన్నట్టు తలూపింది.

రెండోసారి కూత ఎత్తుకుని ఆ మూలకు నడిచాను. అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల నా మొహం చూడటం లేదు, చేతులు చూడటం లేదు. నా మోకాలు చూస్తోంది. నేను భుజం ఆడించాను, కదల్లేదు. బొటనవేలు చాపి ఆశ పెట్టాను, కదల్లేదు. నా కాళ్లు వాటంతటవే అవతలివైపుకు తిరిగాయి. బలవంతంగా వెనక్కి లాక్కొచ్చి, ఇంకోసారి వేలు చాపి, గిరుక్కున తిరిగాను.

నా చీలమండ నాతో రాలేదు. మిగతా ఒళ్లంతా ముందుకు వెళ్లింది. మట్టిలో బోర్లా పడ్డాను. నోట్లో కూత సగంలో ఆగిపోయి, దుమ్ము నిండింది. రెండు చేతులతో కాలు పట్టుకున్న పిల్ల విడిచిపెట్టకుండానే అడుగుతోంది: "మేడం, తాకిందా? మేడం!"

నేను నవ్వుతున్నాను. లేవడానికి చేతకాక, పడుకునే నవ్వుతున్నాను. అమ్మాయిలందరూ నవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన ఒక్కరే కంగారుగా పరుగెత్తుకొచ్చారు, ఒక చేత్తో ఫోన్‌లో వీడియో తీస్తూనే.

"ఈ పట్టు ఏడ నేర్చినవ్?" అని అడిగాను కూర్చున్నాక. అడవిలో మేకల వెంటో, వాగులో చేపల వెంటో అంటుందని మనసులో ఒక జవాబు రాసిపెట్టుకున్నాను.

"యూట్యూబ్‌ల మేడం," అంది. "హాస్టల్ వరండాల పరుపులేసుకుని చెల్లెండ్లను పట్టేది. వార్డెన్ మేడం రోజు తిట్టేది."

ఇంట్లో అడగాలి కదా, తర్వాతి వారం చర్ల దారిలో వాళ్ల ఊరికి వెళ్లాం. అప్పుడప్పుడే ఇప్పపువ్వు రాలుతోంది. వాళ్లమ్మ వాకిట్లో పువ్వు ఆరబోస్తోంది. మంచినీళ్లిచ్చి, మంచం వాల్చి, నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. ట్రయల్స్ దాకా బాగానే ఉంది. వేలం అన్న మాట వినగానే చేటను పక్కన పెట్టేసింది.

"వేలమా? తునికాకు వేలమేసినట్టు నా బిడ్డను వేలమేస్తరా?"

ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో ఎండాకాలమంతా బీడీల కోసం తునికాకు కోసి కట్టలు కడతారు. వేలమంటే వాళ్లకు తెలిసింది ఆ ఆకు సంగతే.

"బిడ్డను కాదమ్మా. ఒక్క సీజన్ ఆటను. మా జట్టుల ఆడు అంటే మా జట్టుల ఆడు అని వాళ్లు కొట్లాడుకుంటరు."

"ఆమె కోసం కొట్లాడుకుంటరా?"

"అవ్."

కూతురితో కోయలో ఏదో అంది. పిల్ల సిగ్గుపడుతూ జవాబిచ్చింది. వాళ్లమ్మ నా వైపు తిరిగి, "పరీచ్చలు రాయాలె. ఆట కోసం పరీచ్చ ఇడిస్తే ఒప్పుకోను. ఇంక, గా వేలం నా కండ్ల ముందర జరగాలె," అంది. తర్వాత కొంచెం మెత్తబడి, "టీచరమ్మా, నువ్వు కింద పడ్డవంట గదా?" అని అడిగింది.

మా ఆయన చాలా ఉత్సాహంగా ఫోన్ తీశారు. ఆమె వీడియో చూసింది. మళ్లీ పెట్టమంది. పక్కింటివాళ్లను పిలిచి చూపించింది. నేను మట్టి కరిచినప్పుడల్లా ఆ వాకిలంతా ఘొల్లుమంది. ఆ రోజు వాళ్లింట్లో తిన్న కోడికూర, జొన్నరొట్టె ఇప్పటికీ గుర్తే.

ట్రయల్స్‌కు ఇద్దరినీ నేనే హైదరాబాద్ తీసుకువెళ్లాను. దమ్మపేట పిల్ల బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మాట్లాడుతూనే ఉంది. మన్యం పిల్ల వింటూనే ఉంది. సూర్యాపేట దాటేసరికి ఇద్దరూ ఒకే దుప్పట్లో నిద్రపోయారు. మ్యాట్ మీద మన్యం పిల్ల ఎవరో సిటీ రైడర్లకు తెలియదు. నేరుగా ఆమె మూలకే వచ్చారు. ఒక్కొక్కరే కాళ్లు అక్కడే వదిలేశారు. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చప్పట్లు కొట్టకు. పక్క జట్టోళ్లు సూస్తరు," అంది గొంతు తగ్గించి.

కానీ పక్క జట్టువాళ్లకూ కళ్లున్నాయి.

వేలం రోజునే మన్యం పిల్లకు డిగ్రీ పరీక్ష పడింది. వాళ్లమ్మ మాట ప్రకారం పిల్ల పరీక్ష హాల్లోకి వెళ్లింది, అమ్మ మాత్రం పొద్దున్నే బస్సు దిగి వాళ్ల కాలేజీ స్టాఫ్ రూమ్‌లో కంప్యూటర్ ముందు నా పక్కన కూర్చుంది. ముందు దమ్మపేట పిల్ల పేరు వచ్చింది. అక్క జట్టు తీసుకుంది. నేను ఎగిరి గంతేశాను. కాసేపటికి మా పిల్ల పేరు చదివారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు అక్క జట్టు చెయ్యెత్తింది. వెంటనే ఇంకో జట్టు ఎత్తింది. మళ్లీ అక్క జట్టు. మళ్లీ వాళ్లు. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "కొట్లాడుతున్నరా?" అంది.

"కొట్లాడుతున్నరమ్మా."

ఆఖరికి అక్క జట్టు ఆగిపోయింది. సుత్తి పడింది.

"అయిపోయిందా? ఎవరు గెలిచిండ్రు?"

"నీ బిడ్డే."

అక్క ఫోన్ క్షణంలో వచ్చింది. "నేను కార్నర్‌ను ఎతుకమంటే, నువ్వు నా ఎదుటి జట్టుకు ఎతికిపెట్టినవ్ గదనే!"

"నీకూ ఒక కార్నర్ దొరికింది గదా అక్కా."

"దొరికింది తియ్. కానీ ఆ పిల్ల దిక్కు నా రైడర్లను ఎట్ల పంపియ్యాలె?" తిడుతూనే నవ్వుతోంది. నాకూ నవ్వు ఆగలేదు.

పిల్ల సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలిసిపోయింది. పరీక్ష హాలు బయట మెట్ల మీద హాస్టల్ అమ్మాయిలంతా చేరారు. లోపల రాస్తున్నవాళ్లకు ఇబ్బందని అటెండర్ వచ్చి అరిచాడు. అందరూ నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. బెల్లు కొట్టారు. పిల్ల చేతికి సిరా మరకలతో, ప్రశ్నపత్రం మడుచుకుంటూ బయటకొచ్చింది. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"మేడం, నాలుగో ప్రశ్న మాకు చెప్పనే లేదు మేడం," అంది ఏడుపు మొహంతో.

ఎవరు ముందు అరిచారో తెలియదు. హాస్టల్ చెల్లెళ్లు ఆమెను భుజాల మీదికెత్తేశారు. ఏ జట్టు, ఏ ఊరు, ఎప్పుడు వెళ్లాలి అని పైనుంచే అడుగుతోంది, ఎవరికీ వినపడటం లేదు. ప్రశ్నపత్రం ఎక్కడో పడిపోయింది. వాళ్లమ్మ వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, కొంగున ముడేసుకుంది.

"దించుండ్రే," అంది. "పొద్దటిసంది ఏం తినలేదు అది."

అందరం క్యాంటీన్‌కు నడిచాం.