అరటాకులో నారింజరంగు గబ్బిలం

ఈ ఉదయం ఎక్కిన ఆటోకు ఆయుధపూజనాటి అరటిపిలక ఇంకా వేలాడుతోంది. ఎండిన ఆకు గొట్టంలా చుట్టుకుంది. మీ అంగళ్లకూ అరటిచెట్లు కట్టేవారు కదా?

జార్జి టౌన్‌లో మా అంగడి వాకిట కట్టిన చెట్టు ఎండుటాకులో ఒకసారి బొటనవేలంత గబ్బిలం నిద్రపోతూ కనబడింది. నారింజరంగు ఒళ్లు, రెక్కల మీద నల్లమచ్చలు. పూజ మరునాడు చెట్టు కొట్టేయడానికి బాబాయి కత్తి తెచ్చాడు. నేను పరుగెత్తి అవ్వకు చెప్పాను.

"ఆడే ఉండనీరా. పొద్దుగూకితే అదే పోతాది," అంది అవ్వ బాబాయితో.

"అంగట్లో గబ్బిలముంటే గిరాకీ వస్తాదా అమ్మా?"

"అది దోమల్ని తింటాది. నువ్వు నా ప్రాణం తింటావు."

బాబాయి నవ్వి కత్తి లోపల పెట్టాడు. సాయంత్రం గబ్బిలం ఎగిరిపోయింది.

"ఎట్లా పోయిందో చెప్పు పాపా," అంది అవ్వ.

అంతా చెప్పాను. ఒకరితో అంతసేపు మాట్లాడటం నాకదే మొదటిసారి.

అవ్వకు చూపు లేదు.