ఫిలోమినమ్మ గారి ఇంటర్వ్యూ చొక్కాలు

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజమని నా రెండు కళ్ళ మీద, మా ఇలవేల్పు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇదివరకూ ఇలాంటి ఒట్లు వేశావు కదా అని నన్నెరిగినవాళ్ళు అంటారు. వేశాను. అప్పుడు ఒక్క కంటి మీదే వేశాను.

నిన్న మా అపార్టుమెంటు కింద ఇస్త్రీబండి దగ్గర నిలబడ్డాను. బండివాడు చొక్కా మీద నీళ్ళు చల్లి పెట్టె ఆనించగానే కాస్త గంజి, కాస్త బొగ్గు, కాస్త ఎవరిదో చెమట కలిసిన వెచ్చని తడిబట్ట వాసన లేచి, నన్ను అమాంతం ఎత్తుకెళ్ళి అమీర్‌పేటలో మా పాత ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టింది.

అప్పుడు నాకు పదేళ్ళు. కంప్యూటరు నేర్చుకుంటే చాలు బతుకు గట్టెక్కినట్టేనని జిల్లాల నుంచి కుర్రాళ్ళు బస్సుల కొద్దీ దిగుతున్న రోజులు. మా సందులో కరెంటు స్తంభాలు కనిపించేవి కావు, వాటికి అంటించిన కోర్సుల కాగితాలే కనిపించేవి. ఆ కాగితాలనే ఉండచుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కలు బిగించి మేం క్రికెట్ బంతులు చేసుకునేవాళ్ళం. ఆ బంతి తగిలి పగిలిన కిటికీ అద్దానికి కూడా అంతో ఇంతో ప్రోగ్రామింగ్ వచ్చేసిందని నేను చెబితే మూడో క్లాసు పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. జిరాక్సు మిషన్ల వేడిగాలి, హాస్టళ్ళ సాంబారు ఆవిరి, సాయంత్రం మిరపకాయ బజ్జీల నూనె, వానొస్తే వీటన్నిటినీ కలుపుకుని మోకాలి లోతున పారే నీళ్ళు, ఇదీ మా సందు.

గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య కట్టించిన ఆ ఇంట్లో కింది రెండు గదుల్లో ఫిలోమినమ్మ గారు అద్దెకుండేవారు. బడిలో కుట్లు నేర్పి రిటైరైన క్యాథలిక్ ఆవిడ. పిల్లలు లేరు, భర్త పోయి చాలా ఏళ్ళు. ఒకరోజు రబ్బరు చెప్పులతో పంజాగుట్టకి ఇంటర్వ్యూకు బయల్దేరిన ఓ కుర్రాణ్ణి గేటు దగ్గర ఆపి, "గిట్ల పోతవా బిడ్డా? జర ఆగు," అని లోపలికి తీసుకెళ్ళి, భర్త చొక్కా, భర్త బూట్లు తొడిగి పంపారు. అలా మొదలైంది ఆవిడ బీరువా. చర్చిలో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి చొక్కాలు, టైలు, బెల్టులు పోగుచేశారు. పొట్టివాడికీ పొడుగువాడికీ సరిపోయేలా చేతుల లోపల మడతలు దాచి కుట్టేవారు. బూట్లు మాత్రం ఆ ఒక్క జతే, తొమ్మిదో నంబరు. చిన్న పాదాలవాళ్ళు ముందుభాగంలో న్యూస్‌పేపరు కుక్కుకుని బాతుల్లా పంజాగుట్ట దాకా నడిచేవాళ్ళు, వానాకాలం అయితే వాటిని నెత్తిన పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఒక నీలిగీతల చొక్కా ఎన్ని ఇంటర్వ్యూలు చూసిందంటే, చివరికి ప్రశ్న పూర్తవకముందే దాని కాలరు జవాబు చెప్పేసేది.

హాస్టలు తిండికి కామెర్లొచ్చిన కుర్రాళ్ళను ఆటోలో కూర్చోబెట్టుకుని సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆవిడే. ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలం నలభై రోజులూ తాను ఒక్కపూటే తిని, రెండో పూట బియ్యంతో జ్వరాలవాళ్ళకు గంజి కాచేవారు. క్రిస్మస్‌కి కజ్జికాయలు, గులాబీ పువ్వులనే పిండివంట నిండిన పళ్ళెం మీద చేతిరుమాలు కప్పి మా ఇంటికి పంపితే, నూనె ఎక్కువైందంటూనే మా అమ్మ సగం ఖాళీ చేసేది.

ఇస్త్రీ చెయ్యడానికి ఆవిడకు గడియారం అక్కర్లేదు. చొక్కా ఒక్కో చేతికి మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపం ఒకటి, కాలరుకు రెండు, వీపుకు మూడు. పెదవులు కదులుతుండేవి, వేళ్ళు గిన్నెలోని నీళ్ళు చిలకరిస్తుండేవి. ఎందుకని అడిగితే, "జపం ఎక్కువైతె అంగి మాడుతది, తక్కువైతె ముడత పోదు," అన్నారు.

నాన్న ఆ గదుల్లో మంచాలు వేసి హాస్టలు పెట్టాలనుకున్నారు. చుట్టూ అందరూ పెట్టేశారు. కానీ తాతయ్య పోయే ముందు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ గదులు ఆవిడవేనని అందరి ఎదుటా అన్నారు. ఆ మాట నాన్నకు గొంతులో ముల్లులా ఇరుక్కుంది.

సరిగ్గా అప్పుడే నేను నా మొదటి పెద్ద కథ కట్టాను. ఆవిడ చల్లేవి మంత్రించిన నీళ్ళనీ, ఆ చొక్కాలు తొడుక్కున్నవాళ్ళు తమకు తెలియకుండానే మతం మారిపోతారనీ. ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో సందు పెద్దలు కుర్చీలు వేసుకుని ఉన్నారు. "నువ్వు చూసింది చెప్పరా, భయమేంటి," అన్నారు నాన్న. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి చెప్పాను.

ఆవిడకు కోపం రాలేదు. నా వైపు తిరిగి, "నీ స్కూలు అంగి సుత గట్లనే చేసిన గద బిడ్డా. మరి నువ్వెప్పుడు మారినవ్?" అన్నారు.

కొందరు నవ్వారు. గేటు దగ్గర ఇద్దరు హాస్టలు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు, ఒకడి ఒంటి మీద ఆ నీలిగీతల చొక్కాయే. వాడు ఒక్క మాట అంటే సరిపోయేది. వాడు కాలరు సర్దుకుని తల దించుకున్నాడు.

"అది కాదండీ టీచర్ గారూ, పదిమందీ అనుకుంటుంటే బాగోదు కదా," అన్నారు నాన్న.

ఆవిడ దండెం వైపు చూశారు. "పిండిన అంగీలు దండెం మీదున్నయ్ అయ్యా. ఆరినంక పోత," అన్నారు.

యూసుఫ్‌గూడలో మూడో అంతస్తున ఒక్క గది దొరికింది. బీరువా ఆ మెట్లు ఎక్కలేదు, చొక్కాలు గోనెసంచుల్లో ఎక్కాయి. అమీర్‌పేట కుర్రాళ్ళు మాత్రం ఎక్కలేదు. కొన్నేళ్ళకు ఆవిడ పోయారని కబురొచ్చింది. మేం వెళ్ళలేదు. ఆ రోజు అమ్మ పొయ్యి వెలిగించలేదు, నాన్న హోటలు నుంచి భోజనాలు తెప్పించారు.

ఇప్పుడా ఇల్లూ లేదు, ఆ మెట్లూ లేవు. అక్కడ అద్దాల భవనం, పక్కన మెట్రో స్తంభాలు. ఇంటర్వ్యూలు కెమెరా ముందే అయిపోతున్నాయి, నడుం పైన చొక్కా ఉంటే చాలు, కింద నిక్కరున్నా అడిగేవాడు లేడు. ఆ బీరువాలోని చొక్కాలతో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు ఈ ఊళ్ళోనే ఎన్నో పెద్ద కుర్చీల్లో కూర్చుని ఉంటారు. ఒక్కరి నోటా ఇంతవరకు ఆవిడ పేరు వినలేదు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒకటి కల్పించాను. కాలరు జవాబు చెప్పిన ముక్క లెక్కలోకి రాదు, దాన్ని మీరెలాగూ నమ్మి ఉండరు. కల్పించింది, ఆ కథ నేను కట్టానన్న మాట. ముందురోజు సాయంత్రం నాన్న నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని, మూడుసార్లు వల్లె వేయించారు. మతం మారడమంటే ఏమిటో కూడా నాకప్పుడు తెలియదు. ఆవిడ జపం ఎందుకో మాత్రం తెలుసు, తెలిసే చెప్పాను, ఆ పాపం నాదే. అడిగినవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ అదంతా నా కొంటెతనమనే చెప్పుకొచ్చాను. నాకెలాగూ అబద్ధాలకోరన్న పేరుంది, దాని మీద ఇంకొకటి మోయడం బరువనిపించలేదు.

నాన్న ఉన్నారు. నేను ఏం రాసినా అందరికన్నా ముందు చదివి, "ఇందులో నిజమెంతరా?" అని నవ్వుతూ అడుగుతారు. ఇది చదివాక అడగరు.