దొరకని సూదిమొన

మడకశిర దారిలో ఉన్న బట్టల ఫ్యాక్టరీలో సూదులు ఇవ్వడం నా పని. చొక్కాలో సూదిముక్క ఉండిపోతే తొడుక్కున్నవాళ్లకు గుచ్చుకుంటుంది కాబట్టి అక్కడొక నియమం ఉంది. మిషన్ మీద సూది విరిగితే ముక్కలన్నీ ఏరి నా బల్ల మీద పెట్టాలి. వాటిని జతచేసి, సూది పూర్తిగా వచ్చిందని తేలితేనే కొత్తది ఇస్తాను. పాత ముక్కలను కాగితానికి అంటించి తేదీ వేస్తాను. ఈ వయసులో నన్ను పనిలో ఉంచుకున్నది నాకు మొహమాటం లేదనే.

పోయిన ఎండాకాలం, కాలర్లు కుట్టే అమ్మాయి కూతురికి అమ్మవారు పోసింది. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్లూ మా వైపు తాలింపు పెట్టరు, తల దువ్వరు, సూది ముట్టరు. ఆ సూది బిడ్డ ఒంటి మీది పొక్కులో దిగుతుందంటారు. తల్లి పనికి రావడం మానేసింది. కాలర్లు ఆగితే వెనక లైనంతా ఆగుతుంది. ఆ పనంతా పక్క మిషన్ ఆమె మీద పడింది. ఆమెకు పిల్లలు లేరు. ఇంకెవరైనా ఎత్తిచూపితే ఊరుకునేది కాదు గానీ, తనే అందరికీ వినబడేలా అనేది:

“పిల్లలుండేటోళ్లకు సెలవులు, గొడ్రాలికి వాళ్ల కాలర్లు. శానా బాగుండాదప్పా న్యాయం!”

రేపు రాకపోతే మిషన్ వేరేవాళ్లకు ఇచ్చేస్తానని సూపర్‌వైజర్ కబురు పంపాడు. తల్లి వచ్చింది. కొంగుకు వేపరెబ్బ కట్టుకుంది. మిషన్ ముందు కూర్చుంది గానీ పెడల్ మీద కాలు పెట్టలేదు.

“ఇంట్లో అమ్మ ఉండాది సార్. సూది ముట్టకూడదు. దారాలు కత్తిరిస్తా, గుండీలు ఎంచుతా, ఏ పనన్నా చెప్పండి.”

“అమ్మ మీ ఇంట్లో ఉంది, సూది ఇక్కడ ఉంది. కుట్టమ్మా.”

కుట్టింది. మధ్యాహ్నం లోపలే సూది విరిగింది. పైముక్క మిషన్‌లోనే ఉంది, మొన కనబడలేదు.

“ఇంటికి పోయేకి నువ్వే ఇరిచినావు గదా?” అంది పక్కామె. తల్లి మోకాళ్ల మీద వంగి నేలంతా తడుముతోంది. మిషన్ విప్పించాను, అయస్కాంతం తిప్పించాను, పీచు ఊడ్పించి జల్లించాను. మొన రాలేదు. పైముక్కను కాగితానికి అంటించి, పక్కన మొనకు చోటు వదిలి, సూపర్‌వైజర్ సంతకం మీద కొత్త సూది ఇచ్చాను.

పాపకు పొక్కులు ఎండిపోయాయి. కంట్లో లేచిన ఒక్కటి మాత్రం నల్లగుడ్డు మీద తెల్లటి పొర వదిలింది. అప్పటినుంచి తల్లి పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చేది.

“అవ్వా, మొన దొరికినాదా?”

“లేదు. పాపను కంటి ఆస్పత్రికి తీసకపోయినావా?”

“అది నా బిడ్డ కంట్లోనే ఉండాదవ్వా. ఈడ దొరికేదాకా ఏ మందూ పట్టదు.”

పొక్కు వేరు, సూది వేరు అని చెప్పాను. తల ఊపేది. మర్నాడు మళ్లీ అదే మాట అడిగేది. ఆదివారం ఇంట్లో ఉన్నా, ఆ వేళకు ఆ గొంతు నా చెవిలో పడేది. లేదు అని పైకే అనేదాన్ని.

ఒకరోజు పక్క మిషన్ ఆమె వచ్చి, పిడికిలి తెరిచి నా బల్ల మీద ఒక మొన పెట్టింది.

“మిషన్ కింద దొరికినాది.”

పైముక్కకు ఆనించి చూశాను. ఇది లావు సూది మొన. విరిగిన అంచులూ కలవలేదు.

“ఇది సరిపోదు.”

“సరిపోతాదవ్వా. ఒక్కసారి సరిపోనీ.”

నా చేత్తో నేనే అంటించాను. తేదీ వేశాను. తల్లిని పిలిచి చూపించాను. వేలితో ఆ మొనను తడిమింది.

“ఇదేనా?”

“ఇదే.”

“అయితే నా బిడ్డ కంట్లో లేదు,” అంటూ ఆ మొన మీదనుంచి వేలు తీసింది.

“ఇంగేం చూస్తాండావు?” అని పక్కామె మిషన్ దగ్గరనుంచే అరిచింది. “బిడ్డను ఎత్తుకోని బస్సెక్కుపో. నీ కాలర్లు నేను కుడతా. గొడ్రాలికేం పనుండాది!”

అనంతపురం ఆస్పత్రిలో డాక్టరు, ముందే తెచ్చి ఉంటే చూపు నిలిచేదన్నాడట. ఆ కంటికి ఇప్పుడు నీడలు మాత్రమే తెలుస్తాయి. తల్లి ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పింది ఇదంతా. ఎన్ని రోజులు ముందు తేవాల్సిందో డాక్టరు చెప్పలేదు. సూది విరిగిన తేదీ, మొన అంటించిన తేదీ నా దగ్గర ఉన్నాయి. ఆ తీసివేత నేను ఇక్కడ రాయను.

ఆమె ఇప్పుడు అడగడం మానేసింది. పొద్దున ఆ వేళకు నా బల్ల దాటిపోయి మిషన్ దగ్గర కూర్చుంటుంది. సాయంత్రం లైన్ వదిలాక నేను ఆ మిషన్ కింద అయస్కాంతం తిప్పుతాను. గుండుసూదులు వస్తాయి, ఇనుపరజను వస్తుంది. ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూస్తాను. ఆ మొన దొరికితే దాన్ని ఎక్కడ అంటించాలో నాకు తెలియదు.