నాయన బొటనవేలు, మూడు పూటల సంగటి

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో నెత్తురు ఉంది, సరిహద్దు రేఖ ఉంది, ఇంట్లోనే దాక్కున్న శత్రువు ఉన్నాడు. ఇంత చెప్పాక నిజం ఒప్పుకోవాలి. యుద్ధభూమి మా నాయన కుడికాలి బొటనవేలు. నెత్తురు రోజుకు రెండు చుక్కలు, అదీ చేతివేలి కొసను సూదితో పొడిస్తే.

కోడుమూరు దగ్గర మా చేలో నాయన కాలికి ముల్లు గుచ్చుకుంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలియదు. చెప్పులో తడి చూసి అమ్మ కనిపెట్టింది. "నొప్పే లేదు, దీనికి డాక్టరెందుకు?" అన్నాడు నాయన. కర్నూలు డాక్టరు సరిగ్గా ఆ మాటకే బెదిరాడు. షుగర్ ముదిరి కాలికి స్పర్శ పోయిందట. మందులు, ఇన్సులిన్ సూది రాసి, పుండు చుట్టూ నల్లబడిన చోటు బయట నీలం పెన్నుతో గీత గీశాడు.

"రెండు వారాల్లో షుగర్ దిగాలి. నలుపు ఈ గీత దాటితే వేలు తీయాల్సి వస్తుంది." చొక్కా గుండీ ఊడిందని చెప్పినట్టు చెప్పాడు.

తిరుగు బస్సులోనే నేను ఫోనులో వెతికి తీర్పు చెప్పేశాను: అన్నం బంద్, మూడు పూటలా రాగి సంగటి. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే కాబట్టి అప్పీలు లేదు. నాయన పొంగిపోయాడు. పొద్దున రెండు ముద్దలు, మధ్యాహ్నం మూడు. "మందే కదమే తినేది, ఇంకో ముద్ద ఎయ్యి," అని అమ్మను అడిగేవాడు.

నాలుగో రోజు, తిన్న రెండు గంటలకు, షుగర్ చూసే మీటరు మూడు వందల పన్నెండు చూపించింది. చెడిపోయిందేమోనని నా వేలు పొడుచుకున్నాను. నూట ఐదు. మీటరు బాగానే ఉంది. ఆరో రోజు మూడు వందల ముప్పై. నలుపు ఒకచోట గీతను తాకింది. గీత చెరిగితే వేలు ఊడి పడుతుందన్నట్టు అమ్మ దాని చుట్టూ గుడ్డ ఆనీ ఆననట్టు తుడుస్తోంది. ఇంట్లో ఎవరమూ వేలు మాట ఎత్తడం లేదు. చివరికి నాయనే ఎత్తాడు.

"బొటనవేలు లేకుంటే చెప్పు నిలుస్తాదేమ్రా?"

"నిలవకుంటే బూట్లేసుకుందువులే నాయనా, దొర మాదిరి."

ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

ఏడో రోజు పొద్దున నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. పుట్టినప్పటి నుంచి సంగటి తింటున్నాను గానీ వండడం ఎప్పుడూ నిలబడి చూడలేదు. పొయ్యి మీద గిన్నెలో తెల్లగా ఏదో కుతకుత ఉడుకుతోంది.

"అమ్మా, ఇదేంది?"

"నూకలు. మెత్తగా ఉడికినాక పిండి ఎయ్యాల."

"బియ్యం మానేసినాం కదమ్మా?"

"బియ్యం యాడుండాది ఈడ? నూకలురా ఇవి."

"నూకలంటే ఏంది మరి?"

"బియ్యం ఇరిగితే నూకలు."

"ఇరిగితే దాంట్లో చక్కెర కారిపోతాదా?"

అమ్మ చేతిలో తెడ్డు ఆగింది. "మా అవ్వ కాలం నుంచి ఇట్లే చేస్తాండాం. సంగటి అంటివి. నూకలొద్దని అంటివా?"

అనలేదు. గిన్నెలో సగానికి పైగా నూకలే. వారం రోజులుగా నాయనకు పూటపూటా అన్నానికి రాగి రంగు వేసి తినిపించాను. ఆ కాలి వైపు చూడాలంటే భయం వేసింది.

ఫోన్ చేస్తే డాక్టరు మరుసటి రోజే రమ్మన్నాడు. పుండు శుభ్రం చేసి, సూది మోతాదు పెంచి, నా మొహం చూసి చెప్పాడు: "మెత్తగా ఉడికిన నూకలు చక్కెరను తొందరగా ఎక్కిస్తాయి. రాగి కూడా గింజే, మందు కాదు. ఒక్కటే ముద్ద, పిడికెడంత. పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ."

నూకలు లేని ఆ పిడికెడు ముద్దను చూసి నాయన, "ఇది నాకా, కోడిపిల్లకా?" అన్నాడు. తిన్నాడు. మీటరు రెండు వందల నలభైకి దిగింది, తర్వాత రెండు వందల పదికి. నలుపు మాత్రం గీతను ఆనుకునే ఉంది, దాటకుండా, వెనక్కి పోకుండా.

పద్నాలుగో రోజు పొద్దున, తిన్న రెండు గంటలకు, నూట డెబ్బై. డాక్టరు కాలు పట్టుకుని చాలాసేపు చూశాడు. నాయన ఫ్యాను వైపు చూశాడు. "ప్రస్తుతానికి వేలు ఉంటుంది," అన్నాడు డాక్టరు. ప్రస్తుతానికి అన్న మాట రెండుసార్లు అన్నాడు. ఇంకో రెండు వారాలకు రమ్మన్నాడు.

ఇప్పుడు పొయ్యి దగ్గర నేనూ నిలబడుతున్నాను. నూకలు లేకుండా ఉత్త రాగిపిండిని మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. కొంచెం పిండిని ముందుగా చల్లనీళ్లలో కలిపి పోసుకోవాలి.