సరితక్క సినిమా, నేను లాగిన పిడి

మా సరితక్క ఏడాది కష్టాన్ని నేను ఒక్క చేత్తో ఎలా ముంచానో చెబుతాను. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను కాబట్టి కాస్త దూరంగా కూర్చుని చదవండి.

హైదరాబాద్ రోజుకో అంతస్తు పెరుగుతున్న కాలం. నగరంలో దేశదేశాల సినిమాల పెద్ద పండుగ జరుగుతోంది. మా పెదనాన్న కూతురు సరితక్క అద్దె కెమెరాతో ఏడాదిపాటు మా చెరువు మీద అరగంట సినిమా తీసి పంపితే, వాళ్లు తిప్పి పంపారు. అక్క ఊరుకునే మనిషి కాదు. తనలాగే తిరిగొచ్చినవాళ్ల సినిమాలన్నీ పోగుచేసి, అదే వారం మా ఇబ్రహీంపట్నం ఫంక్షన్ హాల్లో మా సొంత పండుగ పెట్టింది. కిటికీలకు ప్లాట్లమ్మే వెంచర్ల ఫ్లెక్సీలు, వాటిమీద జంపఖానాలు కట్టి పట్టపగలే చీకటి చేశాం. పెద్ద పండుగలో సినిమాలు ఎంపిక చేసే సారు ఒకాయన, మూడింటికి వచ్చి అక్క సినిమా ఒక్కటే చూసి పోతానన్నాడు. అక్కకు ఉన్న అవకాశమంతా ఆ అరగంటే.

కరెంటు బాధ్యత నాది. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో దానికే తెలియని రోజులవి. టెంట్ హౌస్ నుంచి జనరేటర్ తెచ్చి బయట పెట్టాను. తలుపు పక్కన గోడకు పెద్ద పిడి ఉంది. పైకి ఉంటే లైను కరెంటు, కిందికి లాగితే జనరేటర్‌ది.

"ఒక్కసారన్న సినిమా చూడరా యాదగిరి" అంది అక్క పొద్దున.

"చూసుడెందుకక్కా? మన చెరువే గద. పుట్టినకాడి నుంచి చూస్తనే ఉన్న."

నా తెలివి అప్పట్లో ఈ స్థాయిలో ఉండేది.

సినిమా అంతా ఎల్లవ్వే. చేపలు పట్టే ఇంటి పెద్దామె. తెరమీద వల అల్లుతుంది, తెప్ప తోస్తుంది, కానీ ఒక్క మాటా మాట్లాడదు. అక్క ఎంత బతిమాలినా "ఆ డబ్బ నా మొకం దిక్కు చూస్తుంటె నోట్లకెల్లి మాట రాదు బిడ్డా" అనేదట. ఆ రోజు ముందు వరుసలో, సారు పక్కనే కూర్చుంది.

సినిమా మొదలై పావుగంట గడిచింది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. ఎక్కడో నీళ్ల చప్పుడు. హాలు మీది ట్యాంకు పొర్లుతోందనుకున్నాను. కరెంటు పోయింది, నా ఘడియ వచ్చింది. పిడి కిందికి లాగాను. నీళ్ల చప్పుడూ ఆగింది. ఎవరో పుణ్యాత్ముడు నల్లా కట్టేశాడనుకుని బయటికి ఉరికాను.

జనరేటర్ తాడు గుంజాను. దగ్గింది. మళ్లీ గుంజాను. తుమ్మింది. తిట్టాను, దండం పెట్టాను, మళ్లీ తిట్టాను. పక్కనే చాయ్ హోటల్ సత్తన్న గ్లాసులు కడుగుతూ చూస్తున్నాడు.

"ఏందిరా, గట్ల గుంజుతున్నవ్?"

"కరెంట్ పోయిందన్నా."

"మరి నా ఫ్యాన్ ఎట్ల తిరుగుతుంది?"

తలెత్తి చూశాను. తిరుగుతోంది, నిమ్మళంగా.

"సినిమాల జరసేపు చీకటి ఉంటది, నీళ్ల సప్పుడే ఇనబడ్తదని సరిత నాకే చెప్పింది. నీకు చెప్పలే?"

చెప్పేదే, నేను వింటే కదా. తెరమీది చీకటి అక్క కోరి పెట్టుకున్నది. కరెంటు తీసేసిన మహానుభావుణ్ని నేను. సారు ఈపాటికి కారెక్కి ఉంటాడని ఏడుపు మొహంతో లోపలికి పరిగెత్తి, తడుముకుంటూ పిడి పట్టుకున్నాను. అప్పుడు చీకట్లో ఎల్లవ్వ గొంతు వినిపించింది.

"మా ఆయన తెల్లారకముందే తెప్పేస్కొని పోతుండె. గిట్లనే ఏం కనబడకపోతుండె. నేను గట్టుమీద కూసొని ఇంటుంటి. తెడ్డు సప్పుడు వేరే, చాప ఎగిరిన సప్పుడు వేరే. వల బరువుగొస్తుందా, ఉత్తగొస్తుందా, నీళ్లే చెప్తయి. ఉత్తగొచ్చిన నాడు ఆయన తెడ్డు మెల్లగ ఏస్తుండె, ఇంటికి రానీకె మొకం చెల్లక. గా సప్పుడు ఇని నేను ముందుగాల పోయి పొయ్యి ముట్టించి ఎసరు పెడుతుంటి. బియ్యం లేకున్నా సరే, పొగ చూసి ధైర్నంగ వస్తడని."

హాలు నిండా జనం. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చెరువును నేను విన్నది ఆ రోజే. పిడిమీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె చెప్పడం ముగించి, ఎవరో ముక్కు చీదాకగానీ నాకు కరెంటు సంగతి గుర్తు రాలేదు.

పిడి పైకి తోశాను. వెలుగు వచ్చేసరికి సారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అక్క మాత్రం సూటిగా నన్నే చూస్తోంది. ఆ చూపు వర్ణించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

"ఈమె మాటలు సినిమాలో ఉన్నాయా?" అడిగాడు సారు.

"లేవు సార్" అంది అక్క.

"పెట్టి పంపండి. మా చివరి రోజు వేద్దాం."

మర్నాడు అక్క మైకు పట్టుకుని వెళితే ఎల్లవ్వ ఒకటే మాట. "దీపం బంద్ జేస్తెనే చెప్త." అక్క నాకు కబురు పెట్టింది. "రారా, నీకొచ్చిన పని ఇదొక్కటే."

చివరి రోజు నగరంలోని ఆ పెద్ద హాల్లో తెర నల్లబడగానే అక్క నా మణికట్టు పట్టుకుంది. ఎల్లవ్వ మాటలు అయిపోయేదాకా వదల్లేదు. సినిమా చివర పేర్లు వచ్చాయి. కెమెరా ఎవరు, కూర్పు ఎవరు, అన్నీ అయ్యాక ఒక పంక్తి: 'చీకటి: యాదగిరి.'

ఆ కుర్చీలోనే ప్రమాణం చేశాను. పక్కవాడి ఫ్యాన్ చూడకుండా ఇక ఈ జన్మలో ఏ పిడీ ముట్టను. తెర నల్లబడితే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంటాను. నీళ్ల చప్పుడు వినిపిస్తే ట్యాంకు అనుకోకుండా, కాసేపు నోరు మూసుకుని వింటాను.