చల్లగా ఉన్నప్పుడు ఇరవై ఏడు

ఆ ఆదివారం పొద్దున బోధన్ దాటాక వచ్చే ప్లాట్ల వెంచర్‌లో ఉన్నవి ఇవి: తొమ్మిది కార్లు, పక్కన ఒక్క ఇల్లు కూడా లేని కొత్త తారు రోడ్లు, మలుపుల్లో నిలబెట్టిన నారింజ రంగు కోన్లు, టైం చూడడానికి ఒప్పుకున్న టైర్ల షాపు భాయ్, నేను, మా బావ, ఆ తొమ్మిదిలో ఒకటైన బావ కారు, దాని డిక్కీలో బావ దుబాయ్ నుంచి తెచ్చుకున్న చిన్న గాలి పంపు. మా బాపు అప్పటికి రాలేదు.

వెంచర్ ఓనరుకు కూడా కార్ల పిచ్చి ఉంది. ప్లాట్లు అమ్ముడుపోయేదాకా రోడ్లు ఊరికే పడి ఉంటాయి కాబట్టి మాకు ఇచ్చాడు. ఒక్కో కారు మూడుసార్లు ట్రాక్ మీదికి వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా మూడు చుట్లు. అన్నిట్లో బాగా వచ్చిన చుట్టే లెక్క.

నాకు కావలసింది యాభై ఎనిమిది సెకన్లు. పోయినసారి మూడో స్థానం వచ్చిన టైం అది. బావ అదే పట్టుకున్నాడు. ‘‘బామ్మర్దీ, గా టైం కొట్టు. చెన్నై దిక్కున అసలు ట్రాక్ ఉన్నదంటవ్ గదా, గక్కడికి కారు నేనే ఇచ్చి తోల్త. కొట్టకుంటె సోమారం కారు మీద క్యారియర్ ఎక్కుతది.’’ బావ బాల్కొండ, నవీపేట్ దుకాణాలకు పసుపు సంచులు వేస్తాడు. ఆ కారు సంచులు మోయడం మొదలుపెడితే ఇక నా చేతికి రాదని ఇద్దరికీ తెలుసు.

ట్రాక్ మీద టైరు గాలి సంగతి కష్టమైనదేమీ కాదు. కారును గట్టిగా తిప్పితే టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి పరుగు మధ్యలో ఎంత ఉండాలో ముందు తేల్చుకుని, అంతకంటే తక్కువతో మొదలుపెట్టాలి. ఈ కారుకు, ఈ టైర్లకు వేడి మీద గేజి ముప్పై రెండు చూపిస్తే బాగుంటుందని నా అంచనా. అంతకు మించితే టైరు ఉబ్బి, నడిమి పట్టీ మాత్రమే రోడ్డుకు ఆనుతుంది. పట్టు పోతుంది.

మొదటిసారి నాలుగు టైర్లలోనూ ముప్పై పెట్టి వెళ్లాను. టైం యాభై ఎనిమిది పాయింట్ తొమ్మిది వచ్చింది. దిగగానే కొలిస్తే ఎడమవి ముప్పై ఐదు, కుడివి ముప్పై నాలుగు. మా ట్రాక్‌లో ఎక్కువగా కుడి మలుపులే, బరువు ఎడమ టైర్ల మీద పడుతుంది. వేడి మీదే అన్నిటినీ ముప్పై రెండుకు దించాను. ఎండ పడి ఒక పక్క టైర్లు ఊరికే వేడెక్కకుండా ఓనరు ప్లాట్ల ఫ్లెక్సీ ఒకటి తెచ్చి అడ్డం పెట్టాను.

గాలి తీస్తున్నంతసేపూ దారిన పోయేవాళ్లు ఆగుతూనే ఉన్నారు. పాల క్యాన్లతో బండి మీద పోతున్న ఒకాయన ఇంజను ఆపి మరీ చెప్పాడు. ‘‘అన్నా, ముంగటి టైర్ల గాలి లేదే!’’ నేనే తీస్తున్నానని అంటే నా ముఖం కేసి ఒకసారి, టైరు కేసి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. భాయ్ నవ్వాడు. ‘‘గాలి లేదని చెప్పుడు ఫుకట్ బేటా. అందుకే అందరు చెప్తరు.’’

రెండోసారి యాభై ఎనిమిది మూడు. వేడి మీద నాలుగూ ముప్పై రెండుకు అటూ ఇటూ ఉన్నాయి. ఇంకా సెకనులో మూడో వంతు తగ్గాలి, అది రెండో మలుపులో నేను తొందరగా బ్రేకు వేసినందువల్ల పోయిందని నాకు తెలుసు. కారులో మార్చవలసింది ఏమీ లేదు.

మధ్యాహ్నం అన్నం టిఫిను పట్టుకుని బాపు వచ్చాడు. మాది చెరుకు పంట. బాపుకు టైరంటే ట్రాక్టరు ట్రాలీ టైరు. చెరుకు నిండా ఎక్కించే ముందు నాలుగూ రాయిలా గట్టిగా ఉండాలి, ఒక్కటి మెత్తగా ఉన్నా కాలువ మలుపులో ట్రాలీ పక్కకు ఒరుగుతుంది. మా దగ్గర లోడు బండికి ఎదురొచ్చినవాడు మొదట టైర్లు చూస్తాడు, తర్వాతే మనిషిని పలకరిస్తాడు.

టైర్లు చల్లారాయి. కొలిచాను. ఎడమవి ఇరవై ఏడు, కుడివి ఇరవై ఎనిమిది. నేను అనుకున్న లెక్క సరిగ్గా అదే. బాపు వంగి చూశాడు.

‘‘గిదేందిరా, ఒత్తుకపోయినయ్. గిట్లనే ఉరుకుతవా?’’

‘‘ఉరికితే పెరుగుతది బాపూ. వేడికి.’’

‘‘పెరిగేదాంక?’’

వివరంగా చెప్పాను. బాపు అంతా విని ‘‘ఊఁ’’ అన్నాడు. ఆ ‘‘ఊఁ’’ను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

చివరి రౌండుకు ముందు డ్రైవర్లందరూ ట్రాక్ నడిచి చూడాలి. మలుపుల్లో ఎగిరిపడిన కంకర ఊడవాలి. పావుగంటకు పైగా పట్టింది. తిరిగొచ్చేసరికి మొదటి వంతు నాదే. హెల్మెట్ పెట్టుకుని ఎక్కాను.

మొదటి మలుపులోనే తెలిసింది. స్టీరింగు తేలిపోతోంది, గతుకు గతుకుకూ కారు ఎగురుతోంది. ముందు టైర్లు నేను చెప్పిన దిక్కుకు కాకుండా నేరుగా పోతున్నాయి. రెండో మలుపులో రెండు కోన్లు ఎగిరిపడ్డాయి. ఆగి దిగితే ఆ వంతు పోయినట్టే, ఇంకోటి లేదు. నెమ్మదించి, సర్దుకుని మూడు చుట్లూ పూర్తి చేశాను. యాభై తొమ్మిది ఆరు.

దిగి గేజి పెట్టాను. ముందు ఎడమ నలభై రెండు. మిగతావి కొలవకముందే బావ పక్కకు తిరిగాడు.

‘‘ఎవరు పోసిండ్రు?’’ అని అడిగాను.

‘‘మామ పొయ్యమన్నడు,’’ అన్నాడు బావ. ‘‘నేనేం జెయ్యాలె? అల్లున్ని. నలుగుట్ల మామ మాట కాదంటనా?’’

‘‘నాకు ఒక్క మాట చెప్పొచ్చు గదా బావా! పందెం కట్టింది నువ్వు, గాలి పోసింది నువ్వు!’’

‘‘చెప్తె తీస్తవ్ అని మామ చెప్పనియ్యలే.’’

బాపు ఎగిరిపడ్డ కోన్ల వైపు చూపించాడు. ‘‘గాలి నిండ పోస్తెనే గింత జారింది. పొయ్యకుంటె యాడ పడుతుంటివో సూడు!’’

పోసినందుకే జారిందని చెప్పాను. సుద్దముక్క తీసుకుని తారు మీద ఉబ్బిన టైరు, సరైన టైరు పక్కపక్కన గీశాను. ఏ టైరు ఎంత మేర నేలకు ఆనుతుందో గీతలు పెట్టాను. బాపు మోకాళ్ల మీద చేతులానించి ఓపిగ్గా చూశాడు.

‘‘నువ్వు చెప్పేది కరెక్టే ఉండొచ్చు,’’ అన్నాడు. ‘‘కని మెత్త టైర్ల మీద నిన్ను తోలియ్యనీకి నాకు మనసొప్పలేదు. అన్నం తిను, సల్లారుతున్నది.’’

కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. భాయ్ దగ్గరికి వెళ్లి, నాలుగోసారి ట్రాక్ మీదికి వెళ్లనివ్వమని అడిగాను. గాలి వేరేవాళ్లు పోశారని, నా తప్పు లేదని చెప్పాను. భాయ్ వాచీ జేబులో పెట్టుకున్నాడు. ‘‘బేటా, ఇంట్లోల్లు చేసిన దానికి రూల్ ఎట్ల మారుస్త? ఎనిమిదిమంది నన్ను కొడ్తరు.’’ ఆయన అన్నది సరైనదే. అందుకే ఇంకా మండింది. తిరిగొచ్చేసరికి ఫ్లెక్సీ గాలికి కొట్టుకుపోయి పక్క ప్లాటు రాళ్లకు చిక్కుకుని ఉంది. బాపు ముద్ద కలిపి నా కోసం ఆపి ఉంచాడు. తిన్నాను.

సోమవారం క్యారియర్ వచ్చింది. చెన్నై ముచ్చట బావ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బిగించడానికి సాయం పట్టమన్నాడు, పట్టాను. పసుపు సంచులు ఎక్కించాక గేజి తీసుకొచ్చి, డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితంలో నిండు బరువుకు ఎంత రాసి ఉందో అంత గాలి పెట్టాను. ముందు ముప్పై మూడు, వెనక ముప్పై ఆరు.